మొదలుకూ గెలుపుకూ మధ్య

నోటిఫికేషన్ వచ్చిన రోజు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో సందడే వేరు. పుస్తకాల షాపుల ముందు గుంపులు, కోచింగ్ సెంటర్ల దగ్గర క్యూలు, జిరాక్స్ మిషన్లకు ఊపిరాడదు. ఫలితాల రోజూ అంతే. దండలు, స్వీట్లు, టీవీ మైకులు, ర్యాంకర్ల ఫొటోలతో ఫ్లెక్సీలు. ఈ రెండు రోజుల నడుమ నెలలు గడుస్తాయి, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. వాటిని ఎవరూ ఫొటో తీయరు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సీటు పట్టుకుని, రాత్రిదాకా చదివి, హాస్టల్ గదికి నడిచిపోయే రోజులవి. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. రేపటి మీద కొత్త ఆశేమీ ఉండదు.

లక్ష్యాల గురించి మనం వినే మాటలన్నీ దాదాపు మొదటి రోజువో చివరి రోజువో. కల కనమని చెప్పేవాళ్లున్నారు, గెలిచినవాళ్ల కథలు చెప్పేవాళ్లున్నారు. నడిమి కాలం ఎలా గడపాలో చెప్పేవాళ్లు తక్కువ. ఉద్యోగ పరీక్షే కానక్కర్లేదు. బరువు తగ్గాలనుకున్నవాళ్లు, నలభై దాటాక వీణ నేర్చుకోవాలనుకున్నవాళ్లు, ఆగిపోయిన డిగ్రీ పూర్తిచేయాలనుకున్న గృహిణులు, నవల మొదలుపెట్టిన రచయితలు తడబడేది ఎక్కువగా ఈ నడిమి కాలంలోనే. తడబడ్డాక తమకు పట్టుదల లేదని తమనే తిట్టుకుంటారు. ఆ తిట్టు అన్యాయమైనదని నా నమ్మకం. మధ్యలో మనసు సడలడం మనిషి స్వభావం. అది తెలిసి ముందే ఏర్పాటు చేసుకున్నవాళ్లు దాటుతున్నారు, చేసుకోనివాళ్లు ఆగిపోతున్నారు.

మధ్యకాలం ఎంత సాగుతుందో చూడాలంటే తెలంగాణ గ్రూప్-1 అభ్యర్థుల్ని అడగాలి. రాష్ట్రం వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు. బయోమెట్రిక్ వివరాలు తీసుకోలేదన్న అభ్యంతరంపై సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ పోయి, 563 పోస్టులతో కొత్తది వచ్చింది. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. అక్టోబర్ 21 నుంచి 27 దాకా మెయిన్స్. మొదటి నోటిఫికేషన్ నుంచి మెయిన్స్ హాల్లో కూర్చునేదాకా రెండున్నరేళ్లు పట్టింది. ఒకే పోటీ కోసం ప్రిలిమ్స్ మూడుసార్లు.

రద్దయిన ప్రతిసారీ చదివింది ఎక్కడికీ పోలేదు. పాలిటీ, ఎకానమీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర బుర్రలోనే ఉన్నాయి. పోయింది గమ్యం ఎంత దూరంలో ఉందన్న లెక్క. పరీక్ష నలభై రోజులుందంటే ఎవరైనా లేచి కూర్చుంటారు. ఎప్పుడో తెలియదంటే ఎంత తెలివైన పిల్లలకైనా పేజీ తిప్పడం భారమవుతుంది. ఆ కాలంలో ఊరి నుంచి వచ్చే ఫోన్ ఇంకా బరువు. "తిన్నవా బిడ్డా?" అన్నంతవరకు హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత వచ్చే "పరీక్ష ఎప్పుడంట?" అన్న ప్రశ్నకే జవాబుండదు.

కత్తెర చెప్పిన సంగతి

గమ్యం దగ్గరపడేకొద్దీ వేగం పెరుగుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్లార్క్ హల్ 1932లోనే రాశారు. తిండి దగ్గరవుతున్నకొద్దీ ఎలుకలు ఇంకా జోరుగా పరిగెత్తడం ఆయన గమనించారు. మరి మధ్యలో ఏమవుతుంది? షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన మాఫెరిమా టూరే-టిలరీ, అయెలెట్ ఫిష్‌బాక్ ఇదే ప్రశ్న వేసుకున్నారు. యూదులకు హనుక్కా అనే ఎనిమిది రాత్రుల పండగ ఉంది. రోజూ దీపాలు వెలిగించాలి. మొదటి రాత్రీ చివరి రాత్రీ వెలిగించినవాళ్లు ఎక్కువమంది, మధ్య రాత్రుల్లో తక్కువమంది అని వాళ్ల పరిశీలనలో తేలింది. ఇంకో ప్రయోగంలో ఒకే తీరు బొమ్మల్ని కత్తెరతో వరసగా కత్తిరించమన్నారు. మొదట కత్తిరించినవి, చివర కత్తిరించినవి నీటుగా వచ్చాయి. మధ్యలో కత్తిరించినవాటికి మూలలు తెగిపోయాయి. 2012లో అచ్చయిన ఈ పరిశోధనలో నన్ను పట్టి ఆపింది ఆ కత్తెర ముక్కలే. అక్కడ పోటీ లేదు, ర్యాంకు లేదు, ఎవరి భవిష్యత్తూ దాని మీద ఆధారపడి లేదు. కాసేపట్లో అయిపోయే చిన్న పనిలో కూడా మధ్యకు వచ్చేసరికి చెయ్యి సడలింది.

కారణం ఊహించడం కష్టం కాదు. మొదట్లో, బయల్దేరిన చోటు నుంచి ఎంత దూరం వచ్చామో చూసుకుంటాం. రెండు అధ్యాయాలు అయ్యాయంటే సంతోషం. చివర్లో, ఇంకెంత మిగిలిందో చూసుకుంటాం. రెండే మిగిలాయంటే ఉత్సాహం. నడుమ ఉన్నప్పుడు వెనక్కి చూసినా ముందుకు చూసినా అంతే దూరం. ఇవాళ చేసిన పని ఆ దూరంలో ఎక్కడా ఆనదు. పని జరుగుతూనే ఉంటుంది కానీ జరిగినట్టు అనిపించదు.

బ్రౌన్ మధ్యలో ఏం చేశారు

తెలుగువాళ్లకు తెలిసిన పెద్ద పనుల్లో ఒకదాన్ని ఈ కంటితో చూడాలి. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఈస్టిండియా కంపెనీ కొలువు మీద కడపకు వచ్చేనాటికి ఆయనకు ఇరవై రెండేళ్లు నిండలేదు. ఆయన తెలుగు నిఘంటువు అచ్చులో వెలువడింది 1852లో. నడుమ 32 ఏళ్లు. ఈ రెండు తేదీలే చెప్పి ఆహా ఎంత పట్టుదల అంటే మనకు ఒరిగేదేమీ లేదు. ఆ మూడు దశాబ్దాలు ఆయన ఎలా గడిపారన్నదే మనకు పనికొచ్చే భాగం.

నిఘంటువు ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుని కూర్చుని ఉంటే బహుశా ఆయన కూడా ఆగిపోయేవారు. 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సు మీద పుస్తకం తెచ్చారు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లిషు అనువాదంతో అచ్చు వేశారు. 1839లో మరిన్ని పద్యాలు చేర్చి మళ్లీ తెచ్చారు. 1840లో తెలుగు వ్యాకరణం. ప్రతి పుస్తకమూ దానికదే పూర్తయిన పని. పైగా ప్రతిదీ నిఘంటువుకు సరుకు అందించింది. వేమన పద్యాల్లోని జనం మాటలు, కావ్యాల్లోని ప్రయోగాలు, వ్యాకరణం కోసం పోగుచేసిన ఉదాహరణలు చివరికి చేరింది అందులోకే. పెద్ద పని దూరంగా ఉన్నా చిన్న పనులు మాటిమాటికీ పూర్తవుతూ వచ్చాయి.

రెండోది, ఆయన ఒంటరిగా పని చేయలేదు. కడపలో బంగళా కొని, అందులో పండితుల్ని కూర్చోబెట్టి, సొంత జీతం లోంచి వాళ్లకు జీతాలిచ్చి తాళపత్రాలకు ప్రతులు రాయించారు. జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య శాస్త్రి వంటివాళ్లు పాఠాలు పోల్చి, తప్పులు దిద్దేవారు. దీనికి బ్రౌన్ అప్పులు కూడా చేశారు. తనకు మనసు లేని రోజున కూడా పండితులు వచ్చి కూర్చుంటారు, వాళ్లకు పని చూపించక తప్పదు. ఆయన ఆ ఉద్దేశంతోనే పెట్టుకున్నారని చెప్పలేం. ఫలితం మాత్రం అదే.

మూడోది దెబ్బ తగిలినప్పటి సంగతి. 1834లో ఆయన ఉద్యోగం పోయింది. ఇంగ్లండు వెళ్లారు. అక్కడితో తెలుగును వదిలేసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. లండన్‌లోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో దక్షిణాది భాషల రాతప్రతులు పడి ఉన్నాయని తెలిసి, వాటి పని పెట్టుకున్నారు. వాటిని మద్రాసుకు చేర్పించారు. ఉద్యోగం ఆగింది గానీ పని ఆగలేదు. తిరిగి వచ్చాక ఎక్కడ వదిలారో అక్కడి నుంచే అందుకున్నారు.

పేజీయే లక్ష్యం

మన ఇళ్లలో రామకోటి రాసే పెద్దవాళ్లుంటారు. గళ్లు గీసిన పుస్తకంలో గడికొక నామం రాస్తారు. రోజుకు వెయ్యి నామాలు రాసినా కోటి పూర్తికావడానికి 27 ఏళ్లు దాటుతుంది. ఎంతోమంది దాన్ని అరవై ఏళ్ల వయసులో మొదలుపెడతారు. కోటి అన్న అంకెను చూసి భయపడేవాళ్లెవరూ ఆ పని ముట్టుకోరు. రాసే మామ్మగారు చూసేది కోటిని కాదు, ఇవాళ్టి పేజీని. గళ్లన్నీ నిండాయా లేదా అన్నదే ఆ పూట లెక్క. పుస్తకం నిండితే భద్రాచలం పంపించి, ఇంకొకటి తెప్పించుకుంటారు. భక్తి సంగతి అలా ఉంచి, ఆ పుస్తకం తయారైన తీరు చూడండి. పేజీ పేజీకీ ఒక ఆరంభం, ఒక ముగింపు. నడిమి కాలం అనేదే చిన్నదైపోయింది.

కర్ణాటక సంగీతం పాఠాలూ ఇదే తీరు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతి, వర్ణం, ఆపైన కృతులు. త్యాగరాజ కృతి పాడాలన్న కోరికతో వచ్చిన పాప ఏళ్ల తరబడి దానికోసమే ఎదురుచూస్తే నిలవదు. "గీతాల్లోకి వచ్చాం అమ్మా" అని ఇంట్లో చెప్పుకోగలిగితే నిలుస్తుంది.

చదువుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఏడాది ప్రణాళిక గోడ మీద అంటించుకోండి, తప్పులేదు. పని మాత్రం వారానికి కట్టుకోండి. సోమవారం మొదలై ఆదివారం ఒక పరీక్షతో ముగిసే వారం. ఆదివారం నాడు మీకు మీరే పరీక్ష పెట్టుకోవడం వల్ల ఇంకో లాభం ఉంది. చదివినదాన్నే మళ్లీ చదవడం కన్నా, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుని రాయడం వల్ల వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో చూపించారు. మళ్లీ చదువుతుంటే అన్నీ వచ్చినట్టే అనిపిస్తుంది. రాయడానికి కూర్చుంటే తప్ప ఏది రాలేదో తెలియదు.

మాల వేసుకున్న నలభై ఒక్క రోజులు

సంకల్పబలం ఒక్కటే చాలదని చెప్పడానికి నాకు దొరికే బలమైన ఉదాహరణ అయ్యప్ప దీక్ష. ఏడాది పొడవునా సిగరెట్ మానలేనివాడు మాల వేసుకున్న 41 రోజులూ ముట్టడు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం. మనిషి అతనే. మారింది చుట్టూ ఉన్న ఏర్పాటు. నల్ల బట్టలు కనిపిస్తూ ఉంటాయి. వీధిలో అందరూ స్వామీ అని పిలుస్తారు. ఆఫీసులో పై అధికారి కూడా అలాగే పిలుస్తాడు. సాయంత్రం పూజకు తోటి స్వాములు ఎదురుచూస్తుంటారు. సందేహం వస్తే గురుస్వామి ఉన్నారు. ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలుసు. ఇన్ని కట్టుబాట్లు చుట్టూ నిలబడి ఉంటే మనసు తనంత తానుగా మోయాల్సింది తగ్గుతుంది. మాల తీశాక కొందరు మళ్లీ పాత అలవాటుకే పోతారు. వాళ్లు బలహీనులని నేననను. మోసిన ఏర్పాటు ఒక్కరోజులో మాయమైంది.

దీక్షలో ఉన్నవి ఏ లక్ష్యానికైనా కొంతమేర సమకూర్చుకోవచ్చు. వారానికోసారి మన లెక్క అడిగే ఒక మనిషి కావాలి. స్నేహితుడైనా, అక్కైనా, లైబ్రరీలో పక్క సీటు తమ్ముడైనా సరే. పనికి చోటు, వేళ ఖాయంగా ఉండాలి. జర్మన్ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ చేసిన ఒక ప్రయోగంలో విద్యార్థులకు క్రిస్మస్ సెలవుల్లో ఒక నివేదిక రాసే పని ఇచ్చారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకున్నవాళ్లలో పూర్తిచేసినవాళ్లు, అలా నిర్ణయించుకోనివాళ్లతో పోలిస్తే రెట్టింపుకు పైగా ఉన్నారు. "రేపటి నుంచి వ్యాయామం చేస్తాను" అన్న మాట గాలికి పోతుంది. "పాలవాడు రాగానే చెప్పులు మార్చుకుని చెరువుకట్ట దాకా నడుస్తాను" అంటే ఆ వేళ వచ్చేసరికి కాళ్లు కదులుతాయి. నిర్ణయం ముందే అయిపోయింది కాబట్టి ఆ పూట మళ్లీ ఆలోచించాల్సింది లేదు.

ఇరవై ఒక్క రోజుల్లో ఏ అలవాటైనా కుదురుతుందన్న మాట మనదగ్గర బాగా తిరుగుతోంది. దాని మూలం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం మూడు వారాలు పడుతుందని ఆయన తన రోగుల్ని చూసి రాశారు. అది చేతులు మారి నియమమైపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన లెక్క వేరు. సగటున 66 రోజులు. కొందరికి 18, కొందరికి 254 దాకా పట్టవచ్చని అంచనా. ఇరవై రెండో రోజున కూడా పొద్దున్నే లేవడం కష్టంగా ఉందని ఎవరైనా దిగులుపడితే, వాళ్లలో లోపమేమీ లేదు, వాళ్లకు చెప్పిన అంకె తప్పు. అదే పరిశోధనలో తేలిన ఇంకో సంగతి అంతకన్నా ఊరట. ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. ఒకరోజు పోయిందని నెలంతా పాడు చేసుకునేవాళ్లు మన చుట్టూ ఎంతమందో. ఈ ఒక్క వాక్యం వాళ్లందరి చెవినా పడాలి.

మూడు నెలలు ఫోన్ లేకుండా

2016 రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన పీవీ సింధు దగ్గర అంతకుముందు మూడు నెలలుగా ఫోన్ లేదు. కోచ్ పుల్లెల గోపీచంద్ తీసి దాచేశారు. పతకం వచ్చాక తిరిగిచ్చేస్తానని ఆయనే విలేకరులతో చెప్పారు. అప్పటికి ఆమె ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రెండు కాంస్యాలు గెలిచిన క్రీడాకారిణి. అంత క్రమశిక్షణ ఉన్న అమ్మాయి విషయంలోనే ఫోన్‌ను ఆమె నిగ్రహానికి వదిలిపెట్టలేదు. మనం మాత్రం పుస్తకం పక్కన ఫోన్ పెట్టుకుని, ముట్టుకోకుండా ఉండగలమా అని రోజూ మనకు మనమే పరీక్ష పెట్టుకుంటున్నాం. టెక్సస్ విశ్వవిద్యాలయంలో 2017లో చేసిన ప్రయోగంలో, ఫోన్ బల్ల మీద ఉన్నవాళ్లకన్నా వేరే గదిలో వదిలి వచ్చినవాళ్లు బుద్ధికి పని పెట్టే పరీక్షల్లో మెరుగ్గా చేశారు. ఆ ఫోన్లు మోగలేదు కూడా. తర్వాత జరిగిన అన్ని ప్రయోగాల్లోనూ ఇదే తేడా కనిపించలేదు గానీ, వేరే గదిలో పెట్టడం వల్ల పోయేదేమీ లేదు. స్టడీ హాల్లో అయితే బ్యాగు అడుగున, స్విచాఫ్ చేసి.

గోపీచంద్ సొంత కథలోనూ నడిమి కాలం ఉంది. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతూ భాగస్వామిని ఢీకొని ఎడమ మోకాలు దెబ్బతిన్నది. ఒకటికి మించి ఆపరేషన్లు జరిగాయి. ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించింది 2001 మార్చి 11న. ఆ ఏడేళ్లలో మొదటి లక్ష్యం ఆల్ ఇంగ్లండ్ అయి ఉండదు. మోకాలు వంచగలగడం, నడవడం, కోర్టులోకి అడుగుపెట్టడం ఒకదాని తర్వాత ఒకటి లక్ష్యాలై ఉంటాయి. గాయపడ్డ ఆటగాళ్లందరి దారీ అదే.

ఆపడం కూడా ఒక నిర్ణయం

ఇన్ని చెప్పాక, నిలబడటం ఎప్పుడూ మంచిదేనని అనలేను. అశోక్‌నగర్‌లో ముప్పై దాటినవాళ్లున్నారు. పెళ్లి వాయిదా వేసుకున్నవాళ్లు, ఊళ్లో నాన్న చేసిన అప్పు మీద చదువుతున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు "వదలకు" అని చెప్పడం తేలిక, ఆ తర్వాతి ఏడాది ఖర్చు మాత్రం వాళ్లదే. కార్స్‌టెన్ రోష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 2003లో ప్రచురించిన పరిశోధనలో, అందని లక్ష్యాన్ని విడిచి కొత్తదానికి మళ్లగలిగినవాళ్ల మనసు మెరుగ్గా ఉందని తేలింది. కొత్తదానికి మళ్లడం అన్న భాగాన్ని గట్టిగా పట్టుకోవాలి. వట్టిగా వదిలేస్తే మిగిలేది ఖాళీ.

చిక్కు ఏమిటంటే, ఆ నిర్ణయం తీసుకోవడానికి అన్నిటికన్నా పనికిరాని వేళ నడిమి కాలమే. మాక్ టెస్టులో మార్కులు తగ్గిన సాయంత్రం అంతా వృథా అనిపిస్తుంది. స్నేహితుడు సెలెక్టయిన రోజున ఇంకో ఐదేళ్లయినా చదవగలమనిపిస్తుంది. అందుకే ఎన్ని అటెంప్టులు, ఎంత డబ్బు, ఏ వయసు దాకా అన్నది మొదలుపెట్టే రోజే కాగితం మీద రాసిపెట్టుకోవాలి. రాసినదాన్ని ఇంట్లోవాళ్లకు చూపించాలి. పరీక్ష రద్దయితే, నోటిఫికేషన్ వాయిదాపడితే ఆ కాగితాన్ని మళ్లీ దిద్దుకోవచ్చు. దిద్దేటప్పుడు మాత్రం పక్కన ఇంకొకరు కూర్చోవాలి.

గడువు వచ్చి, దారి మార్చుకోవాలనుకున్నవాళ్లకు ఆ ఏళ్ల చదువు ఊరికే పోదు. పాలిటీ, చరిత్ర పాఠాలు చెప్పడానికి పనికొస్తాయి. అరిథ్మెటిక్, రీజనింగ్ బ్యాంకు పరీక్షకు పనికొస్తాయి. వాళ్లు బ్యాగు సర్దుకుని ఊరికి వచ్చిన రోజున ఇరుగుపొరుగు ఏమంటారోనన్న భయం వాళ్లకు ఎలాగూ ఉంటుంది. ఆ మొదటి వారం ఇంట్లోవాళ్లు అడగాల్సినది, తర్వాత ఏం చేయాలనుకుంటున్నావని ఒక్కటే. అదీ వాళ్లు అన్నం తిని, ఓ రాత్రి నిద్రపోయాక.